దేగ్ పట్టని గేటు

చెరువు చూసి వచ్చినప్పటి నుంచి పాలకు వచ్చే ప్రతి మనిషీ గిన్నె చాపుతూనే అడుగుతున్నారు, లోపల ఏముందని. అర లీటరు కొలిచేలోపు చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను.

మొఘల్‌పురాలో మాది పాలబూత్. పాతబస్తీ చివర, ఎప్పుడో మూతబడ్డ అద్దకం మిల్లు వెనక ఉన్న ఆ చెరువుకు మా గల్లీ నుంచి ట్రాలీ ఆటోలో ముప్పావుగంట ప్రయాణం. మా గల్లీలో కాశీకి పోయి వచ్చినవాళ్ళున్నారు, హజ్‌కు పోయి వచ్చినవాళ్ళున్నారు. చెరువును బాగుచేసి, చుట్టూ కంచె వేసి, పర్యావరణ హిత సందర్శక కేంద్రం అని పేరుపెట్టి తెరిచాక లోపలికి వెళ్ళి వచ్చింది మాత్రం ముగ్గురమే. నేను, మా వదిన సత్తెమ్మ, పక్కింటి యూసుఫ్ భాయ్.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మేం పోయింది మొక్కు తీర్చడానికి, వచ్చింది తీర్చకుండా. ఆ కేంద్రానికి నక్షా గీసిన ఆర్కిటెక్ట్ అమ్మాయి అడ్డంపడిందని గల్లీ గల్లీ తిడుతోంది. ఆ తిట్లు మొదలుపెట్టిన నోరు నాదే. ఇప్పుడు ఆ నోటితోనే సరిచేయాలి.

ముందు మొక్కు సంగతి. పోయిన వానాకాలం వదిన మనవరాలికి డెంగీ వచ్చింది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని వదిన ఆ చెరువు కట్ట మీది మైసమ్మకు మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగితే కట్ట మీదే వండి, మైసమ్మకు పెట్టి, ఆ పూట కట్ట మీద ఉన్న ప్రతి మనిషికీ అన్నం పెడతానని, అంతదాకా చెప్పులు తొడగనని. పిల్ల లేచింది, బడికి పోతోంది, అల్లరితో ఇల్లు పీకి పందిరేస్తోంది. చెరువు మాత్రం పనుల కోసం మూసి ఉంది. తెరిచేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటిదాకా వదిన ఉత్త కాళ్ళతోనే ఉంది.

కట్ట మీద వండటం మాకు కొత్త కాదు. మా అన్న ఆ మిల్లులోనే పనిచేశాడు. యూసుఫ్ భాయ్ తండ్రీ అక్కడే. మిల్లు నడిచిన రోజుల్లో ఏడాదికొకసారి రెండు మతాల కుటుంబాలూ కట్ట మీద కూడి వండుకునేవి. వండింది అక్కడే అయిపోవాలి, మెతుకు ఇంటికి రాకూడదు. మిల్లు పోయినా వంట పోలేదు.

బేగంబజార్

మొక్కు వంటకు కొత్త పాత్ర కావాలి. ముందురోజు మధ్యాహ్నం ముగ్గురం బేగంబజార్ పోయాం. అక్కడ గిన్నెను గిన్నెగా అమ్మరు, తూకం వేసి కిలోల లెక్కన అమ్ముతారు. మాకు కావలసింది దేగ్. నడుము లావుగా, మూతి సన్నగా ఉండి, రెండు వైపులా కడియాలున్న పెద్ద వంట పాత్ర. ఎంతమందికి అని సేఠ్ అడిగాడు. కట్ట మీద ఎందరుంటే అందరికి, అంది వదిన. అంత సైజు తన దగ్గర లేదన్నట్టు సేఠ్ యూసుఫ్ భాయ్ మొహం చూశాడు. భాయ్ పెళ్ళిళ్ళకు వంట చేస్తాడు, వంట లేని రోజు ట్రాలీ నడుపుతాడు. వేలి కణుపుతో ఒక్కో దేగ్ మీదా కొట్టి, చెవి పెట్టి విని, ఒకటి ఏరాడు. పుచ్చకాయలు కొనేటప్పుడూ ఆయనది ఇదే పద్ధతి. రెండింటిలోనూ అప్పుడప్పుడు మోసపోతాడు.

దుకాణం బయట మిషన్ సూదితో గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు ఉంటాడు. వదిన మనవరాలి పేరు చెప్తుందనుకున్నాను. మైసమ్మ అని చెక్కమంది.

"దావత్ ఆమెది. గిన్నె నాదెట్లయితది?" అంది.

హమాలీ దేగ్‌ను తలమీద బోర్లించుకున్నాడు. నడుము దాకా దేగ్, కింద రెండు కాళ్ళు. లోపలి నుంచి అతను అరిచే 'హటో, హటో' బావిలోంచి వచ్చినట్టు వినబడుతుంటే జనం మనిషి కోసం వెతుక్కుంటూనే పక్కకు జరిగారు. అతని వెనక వదిన. ఆమెది ఇప్పుడు వేరే నడక. రోడ్డును రోడ్డుగా చూడదు, నీడ ముక్కలుగా చూస్తుంది. ఒక దుకాణం పరదా నీడ నుంచి ఇంకో దుకాణం పరదా నీడకు, మధ్యలో ఎండపడ్డ చోట రెండు పెద్ద అంగలు. మిరపకాయల గల్లీలో నేల మీద కారం పరుచుకుని ఉంటే చుట్టూ తిరిగి పోదామన్నాను. ఆమె వినలేదు. ఆ రాత్రి కాళ్ళు మజ్జిగలో పెట్టుకు కూర్చుందని మా ఆవిడ చెప్పింది.

ఖిచిడీ

శనివారం పొద్దున్నే ట్రాలీలో దేగ్, బియ్యం, మాంసం, కట్టెలు, కింద పరుచుకునే శత్రంజీలు ఎక్కించాం. మా గల్లీలో ప్రయాణం ఖాళీ కడుపుతో మొదలుకాదు. మలుపులో ఉన్న హోటల్లో ఖిచిడీ, ఖీమా, పుల్లటి ఖట్టా, పక్కన కాల్చిన అప్పడం. తొంభై రూపాయలు. ఖట్టా అయిపోతే అడగకుండానే ఇంకో గిన్నె తెచ్చి పెట్టారు. మొక్కు రోజు వంట అయ్యేదాకా వదిన తినదు గనుక చాయ్ మాత్రం తాగింది. యూసుఫ్ భాయ్ ఆమె వాటా కూడా తినేశాడు, ఆడమనిషి ఎదురుగా అన్నం వదిలేస్తే పాపమట.

ఈ ఖిచిడీని గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం మళ్ళీ కలుస్తుంది.

గేటు

గేటు దగ్గర మొదట కనిపించేది పెద్ద చెక్క బోర్డు. చెక్క మిల్లు పాత తలుపులదట, చెట్టు కొట్టలేదట. మంచిదే. దానిమీద ఏమేం తేకూడదో రాసి ఉంది. బయటి తిండి, ప్లాస్టిక్ కవర్లు, నిప్పు, పొయ్యి, పెంపుడు జంతువులు, గట్టి శబ్దం. చదువుతూ పోతుంటే మనుషుల్ని తేవచ్చో లేదో అనుమానం వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, 'స్థానిక ప్రజల సలహాతో రూపొందించినది' అని ఉంది.

ఆ స్థానిక ప్రజలు ఎవరో నాకు తెలుసు. పేరు మల్లేశ్, మొఘల్‌పురా, పాలబూత్. పనులు మొదలుకాకముందు వాళ్ళు పెట్టిన మీటింగ్‌కు మా వైపు నుంచి పోయింది నేనొక్కడినే. అక్కడ నేనేం మాట్లాడానో మా ఇంట్లో కూడా తెలియదు. వదినకు చదువు రాదు, భాయ్‌కి తెలుగు చదవడం రాదు. ఆ బోర్డు ముందు నేను ఎక్కువసేపు నిలబడలేదు.

ఒక్కొక్కరుగా లోపలికి పోవడానికి ఇనుప చక్రం లాంటి గేటు పెట్టారు. భాయ్ దేగ్‌ను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పెట్టి చూశాడు. పట్టలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ఫొటోలు తీశారు. గార్డు వచ్చి వంట పాత్రలు లోపలికి రావన్నాడు. దేగ్ మీద చెక్కిన పేరు చదివి, ఈ మైసమ్మ ఎవరు, ఆమెకు టికెట్ ఉందా అని అడిగాడు.

"ఆమె లోపలనే ఉన్నది బేటా," అన్నాడు యూసుఫ్ భాయ్. "మిల్లు రాకముందు సంది. టికెట్ లేకుండ."

గార్డు నవ్వలేదు. కొత్త యూనిఫాం వేసుకున్నవాళ్ళకు మొదటి నెల నవ్వు రాదు.

నేను గట్టిగానే తగువు పెట్టుకున్నాను. ఎవరు పెట్టారు ఈ రూల్స్, ఆర్కిటెక్ట్ ఎవరు, పాతబస్తీలో పుట్టిందా ఆమె, కట్ట మీద ఒక్కపూట తిన్నదా, అని. వెనక ఉన్నవాళ్ళు వింటున్నారని ఇంకాస్త గొంతు పెంచాను. గల్లీ గల్లీకి పాకిన తిట్లు ఇక్కడే పుట్టాయి. వదిన నా చెయ్యి పట్టి ఆపింది.

"ముందు లోపలికి పోయి మైసమ్మకు మొకం సూపిస్త. మొక్కు ఎట్ల తీర్సాలెనో గాడ అడుగుదాం. గేటు కాడ గాదు."

దేగ్, సామాను ట్రాలీలోనే ఉంచి, మాంసం మీద తడి గోనె కప్పి, అరవై రూపాయల చొప్పున మూడు టికెట్లు తీసుకున్నాం.

నీడ రాబోయే చోటు

నిజం చెప్పాలి. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

మా చిన్నప్పుడు ఆ చెరువుకు సొంత రంగు ఉండేది కాదు. మిల్లులో ఆ వారం ఏ రంగు అద్దితే అదే చెరువు రంగు. మొహర్రం ముందు నల్లగా, పెళ్ళిళ్ళ రోజుల్లో ఎర్రగా. అన్న అరచేతులు చూసి మా అమ్మ ఏ పండుగ దగ్గరికొచ్చిందో చెప్పేది. ఇప్పుడు నీళ్ళల్లో ఆకాశం కనిపిస్తోంది. తేలే తెప్పల మీద పెంచిన గడ్డి నీళ్ళను వడగడుతోంది. కొంగలు టికెట్ లేకుండా తిరుగుతున్నాయి. ఇదంతా చేసినవాళ్ళకు దండం పెట్టాలి.

దండం పెట్టాక మిగతాది చెప్తాను. బెంచీలన్నీ ఇద్దరికే. అన్నీ నీళ్ళ వైపే తిరిగి, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. అలిగిన మొగుడూపెళ్ళాలకు బాగుంటాయి. మా ఇంటి నుంచి కట్టకు పోతే తక్కువలో తక్కువ ఇరవై మందిమి. మేం కూర్చోవాలంటే చెరువు చుట్టూ పరుచుకుని ఒకరికొకరం ఫోన్లు చేసుకోవాలి. మిల్లు యంత్రాల ఇనుముతో చేసిన ఆ బెంచీ మీద పొద్దున పదింటికి కూర్చున్న భాయ్, కూర్చున్న వేగంతోనే లేచాడు. పైన నీడ లేదా అంటే తీగలు పాకే పందిరి ఉంది. పందిరి కింద బోర్డు: 'తీగ ఎదిగాక ఇక్కడ చల్లని నీడ ఉంటుంది.' తీగ నా మోకాలి దాకా ఉంది.

మరుగుదొడ్డి నీళ్ళు ఖర్చుకానిది. ఒక చోట కూర్చోవాలి, ఇంకో చోట కడుక్కోవాలి, మధ్యలో రంపపు పొట్టు చల్లాలి. ఎక్కడ ఏది చేయకూడదో గోడ నిండా రాసి ఉంది. చదువు రానివాడికి ఆ గదిలో పని కాదు. భాయ్ ఎంతకీ బయటికి రాకపోతే తలుపు కొట్టాను.

"గిది సందాసా, ఇమ్తెహానా?" అన్నాడు లోపలి నుంచి. "పొట్టు ముందుగాల్నా, ఎన్కనా, సదివి సెప్పు."

తలుపు బయట నిలబడి ఆ పరీక్ష ప్రశ్నలన్నీ గట్టిగా చదివి వినిపించాను. గట్టి శబ్దం చేయవద్దని గార్డు వచ్చాడు.

దాని పక్కన గులకరాళ్ళు, ఇసుక, గడ్డి, మట్టి వరసగా పరిచిన సన్నటి బాట. పేరు 'ఉత్త కాళ్ళ దారి'. నేల తల్లితో బంధం కలుపుకోవడానికట. నూటయాభై రూపాయలు కడితే చెప్పులు విప్పించుకుని ఒక మనిషి పక్కన నడుస్తాడు, కాలికి ఏం తగులుతోందో కళ్ళు మూసుకుని గమనించమంటాడు. కొత్త సిటీ వైపు నుంచి వచ్చినవాళ్ళు కిలకిలా నవ్వుతూ నడుస్తున్నారు. వదిన కాసేపు చూసి ఆ మనిషిని అడిగింది, నెలల సంది నడుస్తున్న, నాకేమన్న ఇస్తరా, అని.

ఇక ఖిచిడీ. వెదురు పందిరి కింద కాఫీ హోటల్లో దొరికింది. కొర్రల ఖిచిడీ, మట్టి గిన్నెలో, మూడు వందల నలభై. ఖట్టా లేదు. అడిగితే, అది ఇందులో కాన్సెప్ట్ కాదండీ అన్నాడు వడ్డించే కుర్రాడు. తిన్నాక గిన్నె కింది ఆకు పళ్ళెం చూపించి, చెత్త సున్నా అన్నాడు. ఆ పళ్ళేలు ఎక్కడివంటే వేరే రాష్ట్రం నుంచి లారీలో వస్తాయట.

కడిగిన మొహం

మైసమ్మ రాయిని తీసేయలేదు. చుట్టూ నడుమెత్తు కంచె కట్టి లోపల అలాగే ఉంచారు. బోర్డు పెట్టారు. 'స్థానిక విశ్వాస చిహ్నం. తాకరాదు. పసుపు, కుంకుమ చల్లరాదు.' పసుపు కరిగి నీళ్ళల్లో కలుస్తుందని కాబోలు. మిల్లు అన్నేళ్ళు కలిపిన రంగుల తర్వాత చివరికి దొరికిన దొంగ పసుపు.

వదిన ఆ రాయిని దాటి ముందుకు పోయింది. పిలిచి చూపించాను. తిరిగి వచ్చి చాలాసేపు చూసింది. పసుపు లేకుండా ఆ రాయిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మొకం కడిగి కూసోవెట్టిన్రు," అంది. "ఆస్పత్రిల పిల్లను గిట్లనే కూసోవెట్టిన్రు."

కంచె బయట నేల మీద కూర్చుంది. ఆ నేల ఎంత కాలుతోందో నా చెప్పుల్లోంచి నాకు తెలుస్తోంది. పైకి వినబడేలా మొక్కే అలవాటు లేదు వదినకు, పెదవులు మాత్రం కదిలాయి. లేచి, ఎవరినన్నా అడుగు మల్లేశు, ఎవరో ఉంటరు కదా పెద్దోల్లు, అంది.

శనివారం నడక

ఉన్నారు. శనివారం శనివారం ఆ ఆర్కిటెక్ట్ అమ్మాయి స్వయంగా వచ్చి సందర్శకులను చెరువు చుట్టూ తిప్పి, ఏది ఎందుకు అలా కట్టారో చెప్తుందట. హోటల్ గోడమీద కాగితం అంటించి ఉంది. పేరు ప్రణీత. మేం చూసేసరికి ఇరవై మందిని వెంటేసుకుని రాయి వైపే వస్తోంది.

నేను యూసుఫ్ భాయ్ వెనక్కి జరిగాను. భాయ్ వెడల్పు మనిషి, కానీ దేగ్ అంత కాదు. ఆమె నన్ను చూసింది. మొహమంతా నవ్వు.

"మల్లేశ్ గారు కదా? మా మీటింగ్‌కి వచ్చారు." వెనక ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "ఇది నా ఒక్కదాని డిజైన్ కాదు. గీత గీయకముందే ఇక్కడివాళ్ళను అడిగాం. ఇక్కడ వంటలు చేసేది ఎవరో బయటివాళ్ళని, పాతబస్తీ వాళ్ళు నీళ్ళు చూస్తూ ప్రశాంతంగా కూర్చోడానికి వస్తారని ఈయనే చెప్పారు. అందుకే పొయ్యిలకు అనుకున్న చోట బెంచీలు వేశాం."

వాళ్ళు నాకు చప్పట్లు కొట్టారు.

ఆ మీటింగ్ జరిగింది నగరం అవతలి వైపు, చల్లని గదిలో. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. తెర మీద వేరే దేశాల చెరువులు చూపించారు. వాటి గట్ల మీద ఒక్క కాగితం ముక్క లేదు, మనుషులు కూడా పెద్దగా లేరు. తర్వాత 'ప్రస్తుత సమస్య' అని మన కట్ట ఫొటో వేశారు. పొగ, ఎముకలు, కాగితపు పళ్ళేలు, మధ్యలో గళ్ళ లుంగీ కట్టుకుని గొంతు కూర్చొని దేగ్ కలుపుతున్న మనిషి వీపు. గదిలో ఎవరో ఛీ అన్నారు. ఆ వీపు నాకు తెలుసు. మా పక్కింటి వీపు. ఆ దేగ్ పక్కన శత్రంజీ మీద పడుకున్నది నేనే, అదృష్టం కొద్దీ దుప్పటి కప్పుకుని ఉన్నాను.

వీళ్ళు ఇక్కడివాళ్ళేనా అని ప్రణీత అడిగింది. కాదండీ, బయటివాళ్ళు, అన్నాను. ఆమె వదల్లేదు. వంటకు ఏదన్నా ఏర్పాటు కావాలా, మొహమాటపడకండి, అని ఇంకోసారి అడిగింది. అక్కర్లేదన్నాను. మావాళ్ళు ఊరికే కూర్చుంటారండీ, నీళ్ళు చూస్తారు, అన్నాను. ఆ మాట నాకే ఎంతో బాగుందనిపించింది. అక్రోట్ కేకు పెట్టారు, రెండు ముక్కలు తిన్నాను.

ఇది వదినకు, భాయ్‌కి అక్కడే, చప్పట్ల మధ్య అర్థమైంది. ఆ ఫొటోను ప్రణీత తన ఫోన్లో చూపించింది కూడా, ఆ వీపు ఎవరిదో తెలియక. భాయ్ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు.

"నేను బయటోన్నా, మల్లేశ్?" అన్నాడు. గొంతు పెంచలేదు.

వదిన వేరే అడిగింది. "ఏం తినవెట్టిన్రు గాడ?"

"కేకు."

"బాగుండెనా?"

నేను ప్రణీతకు చెప్పాను. ఫొటోలో ఉన్నది మావాళ్ళేనని, ఈయనేనని, ఈమె మా వదిన అని, ఇవాళ ఆ రాయి దగ్గర వండటానికే దేగ్ తెచ్చామని, ఆ రోజు మొహం చెల్లక అబద్ధమాడానని. ఇరవై మంది ముందు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోయింది గానీ నన్ను ఒక్క మాట అనలేదు. మేనేజర్ దగ్గరికి పోయి చాలాసేపు మాట్లాడి వచ్చింది.

ఇవాళ కుదరదు. ఎందుకో వదినకు కూర్చొని చెప్పింది. కట్ట మట్టి కింద మిల్లు వదిలిపోయిన విషపు మట్టిని పూడ్చి, పైన బంకమట్టి పొర వేశారు. పొయ్యికి గుంత తవ్వితే ఆ పొర చిరుగుతుంది. ముందే తెలిసి ఉంటే రాతి అరుగు కట్టి, దానిమీద ఇనుప పొయ్యిలు పెట్టేవాళ్ళం, ఇప్పుడు నా ఒక్కదాని చేతిలో లేదు, అంది.

"మల్ల ఎవల చేతిల ఉన్నది?" అని వదిన అడిగింది.

"కమిటీ చేతిలో."

"కమిటీల ఎవలుంటరు?"

ప్రణీత నా వైపు చూసి చెప్పింది. స్థానిక ప్రతినిధి అని ఒకరుంటారట. ఎవరో మీకు తెలుసు.

వదిన నా కాళ్ళ వైపు చూసింది.

"ఇడువు చెప్పులు."

"ఎందుకు వదినా?"

"నీ మాటకు ఆగింది నా మొక్కు. సగం నువ్వు మొయ్యి."

విడిచాను. నేల మీద కాలు పెట్టగానే ఎగిరాను. రెండో కాలు పెట్టేలోపు ఉత్త కాళ్ళ దారి మనిషి పరుగున వచ్చి, సార్, నూటయాభై, అన్నాడు.

తిరుగు దారి

గేటు నుంచి బండ్ల స్థలం దాకా నల్లటి తారు. పర్యావరణ హితం గేటు లోపలే మొదలవుతుంది. వదిన దగ్గర నేర్చుకున్నట్టు నీడ కోసం వెతికాను. బయటా చిన్న మొక్కలే. ఆమె నా ముందు మామూలుగా నడిచిపోయింది. నేను మడమల మీద, వేళ్ళ మీద, ఒకసారి దాదాపు చేతుల మీద నడిచాను. నా చెప్పులు ఆమె చంకలో ఉన్నాయి.

మాంసం ఆగేది కాదు గనుక సాయంత్రం యూసుఫ్ భాయ్ తన మిద్దె మీద తన పాత దేగ్‌లో వండాడు. మైసమ్మ పేరున్న కొత్త దేగ్ నిప్పెక్కకుండా మూలన ఉంది. గల్లీ అంతా తిని, బాగుందంటూనే ఆర్కిటెక్ట్‌ను తిట్టింది. నేను వింటూ కూర్చున్నాను. వదిన ముట్టలేదు. నేను లేచి పోబోతుంటే భాయ్ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టాడు.

"బయటోని చేతి వంట," అన్నాడు. "తింటవా, కేకు దెప్పియ్యాల్నా?"

తిన్నాను. పక్కన కూర్చొని నేను తినడం పూర్తయ్యేదాకా చూశాడు. ఖాళీ పళ్ళెం తీసుకుపోతూ, ఫొటోల లుంగీ మంచిగ వచ్చింది, అన్నాడు.

టేపు

ప్రణీత మా గల్లీకి వచ్చింది. వస్తానని చెప్పలేదు, బూత్ దగ్గర నిలబడి సత్తెమ్మ గారి ఇల్లెక్కడ అని నన్నే అడిగింది. గల్లీలో తిట్టినవాళ్ళే ఆమెకు కుర్చీ తెచ్చారు, చాయ్ తెచ్చారు. ఆమె దేగ్ చూపించమంది. సంచిలోంచి టేపు తీసి మూతి, నడుము, ఎత్తు కొలిచింది. నిండిన దేగ్‌ను ఎట్లా ఎత్తుతారంటే, భాయ్ రెండు కడియాల్లోంచి కర్ర దూర్చి, ఒక కొస నా భుజాన పెట్టి, ఇంకో కొస తాను పట్టి చూపించాడు. ఖాళీ దేగే. నా భుజం మీద కొస ఎందుకో ఎక్కువ బరువు వేశాడు.

ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, చేతులు ఎక్కడ కడుగుతారు, ఎముకలు ఎక్కడ వేస్తారు, అన్నీ అడిగింది. ఫొటోలో ఎముకలు అబద్ధం కాదు కదమ్మా, అని కూడా అంది. వదిన ఒప్పుకుంది. ముందు పెద్ద పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చొని తినేవాళ్ళం, చెత్త ఉండేది కాదు, కాగితం పళ్ళేలు వచ్చినంక గలీజు చేసినం, అంది. కమిటీలో రాతి అరుగు సంగతి పెడతానని, ఒప్పుకుంటారని మాట ఇవ్వలేనని ప్రణీత చెప్పింది. దానికి ముందు ఇక్కడివాళ్ళతో ఇంకో మీటింగ్ పెట్టాలట. ఈసారి చల్లని గదిలో కాదు, మా గల్లీ చివరి ఫంక్షన్ హాల్లో, ఆదివారం.

కాబట్టి చదివినవాళ్ళకు విన్నపం. ఆ అమ్మాయిని తిట్టకండి. ఆమె రెండుసార్లు అడిగింది, నేను రెండుసార్లు అబద్ధం చెప్పాను. తిట్టాలనుకుంటే పాలబూత్ పొద్దున ఐదింటికి తెరుస్తాను. ఆదివారం మాత్రం అందరూ రండి. కట్ట మీద ఏం వండుతామో, ఎట్లా తింటామో ఎవరిది వాళ్ళే చెప్పండి.

మాట్లాడేది వదిన. నన్ను శత్రంజీలు పరవడానికి పెట్టింది, ఎవరేం అడిగినా నోరు తెరవద్దంది. హాల్ గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోటు ఉంది. మా ఇద్దరికీ అక్కడ ఆగే పని లేదు.